కుట్టుపనికి ఏ కత్తెర మేలు? ముందు మర చూడండి

కుట్టు నేర్చుకుంటున్నవాళ్లు కాస్త చెయ్యి తిరగగానే అడిగే ప్రశ్న ఒకటే. బట్ట కోసమే విడిగా ఒక కత్తెర కొందామనుకుంటున్నాం, బరువైన ఉక్కు కత్తెర మంచిదా, ప్లాస్టిక్ పిడి ఉన్న తేలికపాటిది మంచిదా? క్విల్టింగ్, అంటే గుడ్డముక్కలు జోడించి పొరలుగా పేర్చి కుట్టే బొంతపని చేసేవాళ్లయితే దానికి ఇంకో ప్రశ్న తగిలిస్తారు: చక్రంలాంటి గుండ్రటి బ్లేడును దొర్లిస్తూ కోసే రోటరీ కట్టర్ ఉన్నాక అసలు కత్తెరతో పనేంటి? బట్ట కత్తెరతో కాగితం కోయకూడదని మీకు తెలుసు, ఇంట్లో మిగతావాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా తెలియకపోయినా. అందుకని ఆ పాఠం వదిలేసి నేరుగా విషయానికి వస్తాను.

బరువైన రకంలో ఎర్రగా కాల్చిన ఉక్కును అచ్చులో పెట్టి సాగగొడతారు. బ్లేడు, పిడి సాధారణంగా ఒకే ముక్క. తేలిక రకంలో స్టెయిన్‌లెస్ స్టీలు బ్లేడుకు ప్లాస్టిక్ పిడి పోత పోస్తారు. ఫిన్లాండ్ కంపెనీ ఫిస్కార్స్ 1967లో నారింజ రంగు పిడితో తెచ్చిన కత్తెరతో ఈ రకానికి బాగా పేరొచ్చింది. రెండు రకాల్లోనూ పిడి పైకి వంగి ఉన్నదే తీసుకోవాలి. కింది బ్లేడు బల్ల మీద ఆనుకుని సాగుతుంది, బట్ట పైకి లేవదు, మీరు గీసిన సుద్దగీత ఉన్నచోటే ఉంటుంది.

ఇంతవరకు రెండూ రెండే. తేడా అంతా రెండు బ్లేడ్లను కలిపి పట్టే మర, అంటే స్క్రూ దగ్గర.

కొత్త కత్తెరను మూసి, పక్క నుంచి వెలుతురుకేసి పట్టి చూడండి. మంచి కత్తెరలో రెండు బ్లేడ్ల మధ్య సన్నటి సందు కనిపిస్తుంది. మర దగ్గరా కొస దగ్గరా తప్ప మధ్యలో ఎక్కడా తాకవు. అది లోపం కాదు. బ్లేడ్లను కావాలనే కాస్త వంపుతో చేస్తారు. మూస్తున్నకొద్దీ అవి ఏ క్షణాన చూసినా ఒక్క బిందువు దగ్గరే ఒరుసుకుంటాయి, ఆ బిందువు మర నుంచి కొసదాకా జరుగుతూ పోతుంది. కోత పడేది అక్కడే. ఆ ఒరిపిడి సరిగ్గా ఉండాలంటే మర సరైన బిగువులో ఉండాలి. వదులైతే పదునెంత ఉన్నా లాభం లేదు. షిఫాన్ లాంటి పల్చటి బట్ట తెగకుండా రెండు బ్లేడ్ల మధ్యకు మడతపడి నలుగుతుంది. అది చూసి కత్తెర మొద్దుబారిందనుకుని సాన పట్టించేస్తారు. నా దగ్గరకు ‘పదును పోయింది’ అని తెచ్చిన కత్తెరల్లో చాలావాటికి కావలసింది సాన కాదు, స్క్రూడ్రైవర్. గడియారంలో ముల్లు అయిదు నిమిషాలు జరిగినంత మేర మరను తిప్పితే చాలు.

పరీక్ష కూడా తేలికే. ఒక పిడిని పట్టుకుని, రెండోదాన్ని పైకెత్తి వదలండి. టప్పున మూసుకుపోతే వదులు. ఎత్తినచోటే నిలబడిపోతే మరీ బిగుతు, అలాంటిదాంతో గంటసేపు కోస్తే బొటనవేలి మొదలు పట్టేస్తుంది. మెల్లగా దిగి దారిలో ఎక్కడో ఆగితే సరిగ్గా ఉన్నట్టు. ఆ తర్వాత పల్చటి బట్టను ఒక్క పొర మాత్రమే పట్టుకుని, కొసలతోనే ఒక చిన్న గాటు పెట్టి చూడండి. మెడ వంపులు, చంక గుంటల దగ్గర గాట్లు పెట్టేది కొసలతోనే కాబట్టి అక్కడ తెగని కత్తెర ఎంత అందంగా ఉన్నా వద్దు.

అందుకే నేను మొదట అడిగేది బ్రాండు కాదు, మరా, తిప్పడానికి వీల్లేకుండా కొట్టేసిన రివెట్టా అని. రివెట్ కొట్టేసిన కత్తెర వదులైతే సుత్తితో తిప్పలు పడాలి. మర ఉన్నదైతే మీరే సవరించుకుంటారు. ఆ లెక్కన మరతో వచ్చే బరువైన ఎనిమిది అంగుళాల కత్తెరకే నా ఓటు. బరువు గురించి భయపడేవాళ్లకు ఒక మాట: బల్ల మీద కోసేటప్పుడు ఆ బరువును మోసేది బల్లే. చేత్తో గాలిలో పట్టుకుని కోసే అలవాటుంటే మాత్రం తేలికదే తీసుకోండి. మణికట్టు నొప్పి, కీళ్లనొప్పులు ఉన్నవాళ్లకైతే అసలు చర్చే అక్కర్లేదు, తేలికదే, వీలైతే వదలగానే దానంతటదే తెరుచుకునే స్ప్రింగు కత్తెర. మందపాటి బట్ట, పైగా రెండు మూడు పొరలు ఒకేసారి కోసే పనైతే తొమ్మిది, పది అంగుళాలవి నయం.

అంచు విషయం. జారిపోయే శాటిన్, పట్టు కోసేవాళ్లకు సన్నటి పళ్లున్న అంచు బట్టను పట్టి ఉంచుతుంది, నిజమే. కానీ మామూలు సానకు ఇస్తే ఆ పళ్లు అరిగి పోతాయి. ఒక్క కత్తెరే కొనేవాళ్లు నున్నటి అంచుదే కొనండి. సాన పట్టేవాళ్లకు ఇచ్చేటప్పుడు రాయి బయటి ఏటవాలు అంచుకే తగలాలనీ, లోపలి ముఖాన్ని అరగదీయొద్దనీ చెప్పి ఇవ్వండి. కూరలు తరిగే కత్తి లెక్కన రెండువైపులా రుద్దితే రెండు బ్లేడ్లు మళ్లీ సరిగ్గా కలవవు.

ఎడమచేతివాటం వాళ్ల సంగతీ ఈ ఒరిపిడిలోనే ఉంది. కుడిచేత్తో మామూలు కత్తెర పట్టుకుంటే వేళ్ల ఒత్తిడి బ్లేడ్లను ఒకదానికొకటి ఆనిస్తుంది. అదే కత్తెరను ఎడమచేత్తో పడితే అదే ఒత్తిడి వాటిని విడదీస్తుంది. పిడి ఆకారం మాత్రం మార్చి ‘ఏ చేతికైనా సరే’ అని అమ్మేవి దీనికి మందు కాదు. బ్లేడ్లే అటూ ఇటూ మారిన అసలైన ఎడమచేతి కత్తెర కావాలి.

ఇక రోటరీ కట్టర్. జపాన్ కంపెనీ ఓల్ఫా 1979లో దీన్ని తెచ్చాక క్విల్టింగ్ పని తీరే మారిపోయింది. తిన్నటి పట్టీలు, చతురస్రాలు కోయడంలో కత్తెర దీనికి సాటి రాదు, ఇందులో నాకు పక్షపాతం లేదు. స్కేలు పట్టుకుని లాగితే నాలుగు పొరల నూలు బట్ట కదలకుండా తెగుతుంది. కొనేవాళ్లు 45 మిల్లీమీటర్ల బ్లేడుతో మొదలుపెట్టవచ్చు. అయితే కింద పరిచే మ్యాట్, స్కేలు, ఎప్పటికప్పుడు మార్చే బ్లేడ్లు కూడా ఖర్చులో కలుపుకోండి. గుండుసూది మీదుగా ఒక్కసారి పోనిచ్చారా, బ్లేడుకు గాటు పడుతుంది. ఇక కోసిన ప్రతి గీతలోనూ సుమారు 14 సెంటీమీటర్లకొకచోట రెండు మూడు పోగులు తెగకుండా మిగిలిపోతాయి. చక్రం ఒక చుట్టు తిరిగే దూరం అది. మ్యాట్ మీద ఇస్త్రీ చెయ్యకండి, వంకరపోతుంది. గుండ్రటి వంపులు ఎక్కువుండే బట్టలు కుట్టేవాళ్లకు మాత్రం ఇది కత్తెర తర్వాతే. క్విల్ట్ పనే ప్రధానమైతే ముందు కట్టర్ కొని, కత్తెర నిదానంగా కొనుక్కోండి.

అంచు పోగులు ఊడకుండా కోసే జిగ్‌జాగ్ కత్తెర, అంచును దారంతో చుట్టి కుట్టే ఓవర్‌లాక్ మిషన్ ఉన్నవాళ్లకు దండగ. ఎలక్ట్రిక్ కత్తెర పెద్దమొత్తంలో కోసేవాళ్లకే. దారాలు తెంపే బుల్లి కత్తెర మాత్రం పెద్దదానితోపాటు అదే రోజు కొనేయండి. లేకపోతే మిషన్ దగ్గర దారం తెంపాల్సి వచ్చిన ప్రతిసారీ చెయ్యి ఆ పెద్ద కత్తెర మీదికే పోతుంది.