పాతపట్నం వెళ్లి రహస్యంగా మాత్ర కొనే పర్లాకిమిడి ఆడవాళ్లకు

మా వీధి మందుల షాపులో మా మామయ్యగారి స్నేహితుడు కూర్చుంటారు. ఆయన ముందు నిలబడి అత్యవసర గర్భనిరోధక మాత్ర అడగడం నావల్ల కాలేదు. నీలమణి దుర్గమ్మ దర్శనానికి వెళ్తున్నానని అత్తయ్యకు చెప్పి, ఆటో ఎక్కి పాతపట్నం వెళ్లాను. మనలో ఇలా వెళ్లేది నేనొక్కదాన్నే కాదని నాకు తెలుసు. 1936లో ఒడిశా విడిగా ఏర్పడినప్పుడు ఒడిశాలోని మన ఊరికీ, ఇప్పుడు ఆంధ్రాలో ఉన్న పాతపట్నానికీ మధ్య గీసిన గీత, మన ఆడవాళ్లకు ఇలాంటి రహస్యాలకే పనికొస్తోంది.

నా కంగారును షాపతను ఇట్టే పసిగట్టాడు. పెట్టె ఇవ్వలేదు. మాత్ర ఉన్న రేకు ముక్కను దినపత్రిక కాగితంలో చుట్టి చేతిలో పెట్టి 180 రూపాయలు తీసుకున్నాడు. బిల్లు నేను అడగలేదు, అతను ఇవ్వలేదు. బిల్లు మీద మందు పేరు పడుతుందని నా భయం. బిల్లు లేకపోవడమే అతనికి లాభం. ఇంటికి వచ్చి మాత్ర మింగేశాక గానీ రేకు తిప్పి చూడాలని తోచలేదు. లెవోనార్‌జెస్ట్రెల్ అనే పేరులో సగం, 1.5 మి.గ్రా. అన్న అంకె కనిపించాయి. గడువు తేదీ ఉండాల్సిన అంచును కత్తెరతో కత్తిరించేశారు.

నాలుగో రోజు కొద్దిగా మరక కనిపిస్తే, గండం గడిచిందనుకున్నాను. మర్నాటికి అదీ లేదు. 29 రోజులకు తప్పకుండా వచ్చే నెలసరి ఆ నెల రాలేదు. అయిదు రోజులయింది, ఏడయింది. తొమ్మిదో రోజున మళ్లీ దుర్గమ్మ దర్శనం పేరు చెప్పి అదే షాపుకి వెళ్లాను. నా బుద్ధి గడ్డి తిన్నది అక్కడే.

"దీనికేముందమ్మా, ఇది వేసుకోండి, మూడో రోజుకు వచ్చేస్తుంది" అంటూ ఒక పెట్టె తీశాడు. 700 రూపాయలు. పరీక్ష చేసుకున్నారా అని అడగలేదు. డాక్టరు చీటీ ఊసే లేదు. ఆవకాయకు ఆవపిండి ఇచ్చినంత తేలిగ్గా ఇచ్చాడు.

పెట్టె తెరిస్తే ఒకే అట్టలో 5 మాత్రలు, ఒకటి విడిగా, నాలుగు ఒకచోట. అంచు వెంబడి ఎర్ర గీత. గ్లాసులో నీళ్లు కూడా పోసుకున్నాను. ఆ ఎర్ర గీత చూసి ఎందుకో చేయి ఆగింది. బరంపురంలో నర్సుగా చేసే మా వదినకు ఫోను చేస్తే, అట్ట మీది పేర్లు చదవమంది. మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్ అని కూడబలుక్కుని చదివాను.

"గ్లాసు కింద పెట్టు అమ్మాయీ. అవి నెలసరి రప్పించే మాత్రలు కావు, గర్భస్రావం చేసేవి. డాక్టరు చూడకుండా వేసుకోకూడదు. అసలు నీకు గర్భం ఉందని ఎవరు తేల్చారు?"

గర్భం గర్భసంచిలో కాక అండం వచ్చే గొట్టంలో నిలిచి ఉంటే ఈ మాత్రలు దాన్ని తీసెయ్యలేవట. రక్తం పోయింది కదా, అంతా అయిపోయిందని ఇంట్లో కూర్చుంటే లోపల గొట్టం పగిలి ప్రాణం మీదికి వస్తుందట. ఒక పక్కగా పొత్తికడుపు నొప్పి, కళ్లు తిరగడం ఉంటే ఆ క్షణమే ఆసుపత్రికి పరుగెత్తాలని చెప్పింది.

తర్వాత నన్ను నిలదీసింది. కలిసిన ఎన్ని గంటల్లోపు ఆ మొదటి మాత్ర వేసుకున్నావు? (72 గంటల్లోపు వేసుకోవాలి, ఎంత ముందైతే అంత మంచిది.) వేసుకున్న రెండు గంటల్లో వాంతి అయిందా? అయితే మళ్లీ వేసుకోవాల్సింది. టీబీకి గానీ మూర్ఛకు గానీ మందులు వాడుతున్నావా? వాటిలో కొన్ని ఈ మాత్ర పనిని తగ్గించేస్తాయి. నెలసరి ఎందుకు ఆగిందో కూడా అప్పుడే తెలిసింది. ఈ మాత్ర అండం విడుదలను వెనక్కి నెడుతుంది. అండం ఆలస్యమైతే దాని వెనకే రావాల్సిన నెలసరీ ఆలస్యమవుతుంది. కొందరికి ముందే వస్తుంది. వారం రోజులు అటూ ఇటూ కావడం మామూలే. వారం దాటితే చేయాల్సింది పరీక్ష. ఇంకో మాత్ర కొనడం కాదు.

మర్నాడు తెల్లవారి మొదటి మూత్రంతో పరీక్ష చేసుకున్నాను. ఒకటే గీత. వారంలో రాకపోతే మళ్లీ చేసుకోమంది గానీ, ఆ అవసరం పడలేదు. పన్నెండో రోజున వచ్చింది. లేని గర్భానికి 5 మాత్రలు మింగబోయాను!

డబ్బు వెనక్కి ఇమ్మని వెళితే షాపతను నన్ను ఎప్పుడూ చూడనట్టు మొహం పెట్టాడు. "ఏ మాత్రమ్మా? బిల్లు చూపించండి."

కాబట్టి పెట్టెతో సహా తీసుకోండి, గడువు తేదీ కళ్లతో చూడండి, సిగ్గుపడకుండా బిల్లు అడగండి. ఊరు దాటి వెళ్లే ముందు మీ ఆశా దీదీని ఒక్క మాట అడగండి, ఈ మాత్ర ఆమె దగ్గరే దొరకవచ్చు. నాకీ సంగతి 880 రూపాయలు పోయాక తెలిసింది. నిజంగానే గర్భం వచ్చినా దొంగచాటు వైద్యం అక్కర్లేదు. 2021లో సవరించిన గర్భస్రావ చట్టం ప్రకారం, గర్భనిరోధకం విఫలమైతే పెళ్లికాని వారు సైతం 20 వారాల వరకు అర్హత ఉన్న డాక్టరు దగ్గర గర్భం తీయించుకోవచ్చు.

షాపు ఆంధ్రాలో ఉంది కనుక శ్రీకాకుళం జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు ఫిర్యాదు రాశాను. మొదటి మాత్ర గురించి చూపడానికి నా దగ్గర ఏమీ లేదు. రెండో పెట్టె మాత్రం ఇంకా బీరువాలోనే ఉంది. దాని మీది బ్యాచ్ నంబరు ఫిర్యాదులో వేశాను. దాన్ని కత్తిరించడం అతను మరిచిపోయాడు.