జపాన్ మంచులో కిరసనాయిలు హీటర్: రెండు చలికాలాలు వాడాక నా రివ్యూ

"ఏందే, జపాన్ దాకా పోయి కిరసనాయిలు కొనుక్కుంటున్నావా" అని అమ్మ వీడియో కాల్లో పగలబడి నవ్వింది. అప్పుడు నా చేతిలో 18 లీటర్ల ఎర్ర ప్లాస్టిక్ డబ్బా ఉంది, గుమ్మం బయట మంచు నా నడుం దాకా ఉంది, బుల్లెట్ ట్రైన్ల దేశంలో మా నాయనమ్మ కాలం నాటి సరుకు మోసుకుంటూ నిలబడ్డా.

నేను నీగాతాలో ఒక చిన్న ఊళ్ళో ఏఎల్‌టీని, అంటే స్కూళ్ళలో అక్కడి టీచర్ పక్కన నిలబడి ఇంగ్లిష్ చెప్పే అసిస్టెంట్‌ని. 2020 నుంచి ఇక్కడ 5, 6 తరగతులకి ఇంగ్లిష్ పూర్తి సబ్జెక్టు అయింది, 3, 4 తరగతులకి ఆటపాటల్లాగా ఉంటది, అందుకే ఇంత మారుమూలకి కూడా మాలాంటోళ్ళు కావాలి. వారంలో మూడు ఎలిమెంటరీ స్కూళ్ళు, ఒక జూనియర్ హై తిరుగుతా. మాది నరసరావుపేట, రెంటచింతల మా పల్నాడులోదే, కాబట్టి ఎండ గురించి నాకెవరూ చెప్పక్కర్లా. చలి గురించి మాత్రం అక్షరం ముక్క తెలీకుండా వచ్చా.

జపాన్ ఇళ్ళ గురించి ముందు ఒక మాట. ఉత్తరాన గడ్డ కట్టే చలి ఉండే హొక్కైదో దీవి తప్పిస్తే ఇక్కడ ఇల్లంతా వేడి చేసే ఏర్పాటు చాలా ఇళ్ళలో ఉండదు, ఏ గదిలో కూర్చుంటే ఆ గదే వేడి చేసుకోవాలి. నాకిచ్చింది పాత చెక్క అపార్ట్‌మెంటు, కిటికీలకి ఒకే పొర అద్దం, పొద్దున్న లేస్తే వంటింట్లో నోట్లోంచి పొగ, సింకు మీద పెట్టిన కొబ్బరి నూనె గడ్డ సరే, డిష్ సోప్ కూడా చిక్కబడి కారేది కాదు. ఏసీ ఉంది, వేడి గాలి కూడా ఇస్తది, కాకపోతే బయట యూనిట్ మీద మంచు పేరుకోగానే అది కరిగించుకోడానికి మధ్యమధ్యలో ఆగిపోతది, అదీ సరిగ్గా మనకి పళ్ళు టకటకలాడే టైంలోనే.

స్కూల్లో స్టాఫ్ రూంలో కూడా కోటు విప్పకుండా కూర్చున్నానని చూసి క్యోతో సెన్సే చెప్పారు, కిరసనాయిలు ఫ్యాన్ హీటర్ కొనుక్కో అని. క్యోతో సెన్సే అంటే వైస్ ప్రిన్సిపాల్, నేను మాత్రం మొదటి నెలంతా ఈయన క్యోతో సిటీ నించి ట్రాన్స్‌ఫరై వచ్చాడేమో అనుకున్నా, ఒకసారి అక్కడి గుళ్ళ గురించి అడిగితే పాపం ఆయన తికమకపడ్డారు.

సరే హీటర్ సంగతి. నాది 3.2 కిలోవాట్ల మోడల్, కంపెనీ పేరు రాయను, సెకండ్ హ్యాండ్ షాపులో 4,000 యెన్‌కి కొన్నా. హీటర్ పెట్టె మీద చెక్క ఇంటికైతే 9 తతామీల గది, కాంక్రీటు ఇంటికైతే 12 అని రాసుంటది (తతామీ అంటే నేల మీద పరిచే గడ్డి చాప, ఇక్కడ గది సైజు వాటితోనే కొలుస్తారు), ఆ తేడా ఎందుకో మా ఇంట్లో వారం ఉంటే తెలిసిపోతది. కొనేటప్పుడు ఇది చూసుకోవాలి, గది పెద్దదై హీటర్ చిన్నదైతే ఊరికే చమురు దండగ. ఇక్కడ ఎక్కువ కనపడే బ్రాండ్లు కరోనా, దైనిచి, రెండూ నీగాతావే. అవును, కరోనా అనే పేరుతో హీటర్ కంపెనీ నిజంగానే ఉంది, వైరస్ కంటే చాలా ముందు నించీ ఉంది. 2020 జూన్‌లో ఆ కంపెనీ ప్రెసిడెంటు తన ఉద్యోగుల పిల్లలకి ఇక్కడి న్యూస్‌పేపర్లో ఉత్తరం వేయించారు, మీ అమ్మానాన్నలు పనిచేసే కంపెనీ పేరు వల్ల మీకు బాధ కలిగుంటే క్షమించండి, అన్న అర్థంలో. అది చదివాక స్కూల్లో ఆ హీటర్ ఎదురైతే నేను జోకులెయ్యడం మానేశా.

పనితనానికి వస్తే, అబ్బ, ఏం వేడండీ. బటన్ నొక్కాక ఒక నిమిషం అటూఇటూ లోపల కిటకిట మంటది, తర్వాత గుప్పున అంటుకుని కింద నించి వేడి గాలి నేల మీద పాకుతూ వస్తది, ముందు పాదాలకి తగులుతది, ఏసీ లాగా తలకి కాదు. పది నిమిషాల్లో స్వెట్టర్ తీసేస్తా. పొద్దున్న టైమర్ ఉంది, 6 గంటలకి పెట్టుకుంటే నేను దుప్పట్లో ఉండగానే గది వెచ్చబడిపోతది, ఈ ఒక్క బటన్ కోసం 4,000 ఏంటి ఇంకో 4,000 కూడా ఇస్తా. సన్న మంట మీద చమురు కూడా పొదుపే, ఫుల్లుగా పెడితే మాత్రం గంటకి 0.3 లీటర్ దాకా తాగేస్తది.

ఇంకో సంగతి, ఏసీ గాలి గొంతు ఎండగొడతది, ఇది కొట్టదు. ఎందుకంటే ఒక లీటర్ కిరసనాయిలు మండితే దాదాపు ఒక లీటర్ నీళ్ళు ఆవిరిగా గాల్లోకి వస్తాయి. రోజంతా "రిపీట్ ఆఫ్టర్ మీ" అని అరిచే నాలాంటి దానికి ఇది వరమే. కానీ ఆ నీళ్ళన్నీ పోయి కిటికీ అద్దాల మీద కూర్చుంటాయి, పొద్దున్నే పాత టవలు తీసుకుని తుడిచి బకెట్లో పిండటం నా దినచర్య అయిపోయింది, ఒక వారం బద్ధకించానా, కర్టెన్ అంచుకి నల్ల బూజు.

ఇప్పుడు నరకం చెప్తా, అదే చమురు నింపుకోవడం. చమురుని ఇక్కడ తోయు అంటారు. పెట్రోల్ బంకులో దొరుకుతది, 18 లీటర్లకి 2,000 యెన్ పైచిలుకు. సెల్ఫ్ బంకులో గొట్టం రంగు చూసుకోవాలి, ఎరుపు పెట్రోల్, పసుపు హైఆక్టేన్ అనే ఖరీదు పెట్రోల్, ఆకుపచ్చ డీజిల్, నీలం మనది. డబ్బా ఎర్రగా ఉంది కదా అని ఎర్ర గొట్టం పట్టుకున్నారంటే అంతే సంగతులు, పెట్రోల్ పోసి ఇళ్ళు తగలబెట్టుకున్నోళ్ళు నిజంగా ఉన్నారు. నాకు మాత్రం నీలం ఈజీగా గుర్తుండిపోయింది, మన రేషన్ షాపులో కిరసనాయిలు నీలంగానే ఉండేది కదా, బ్లాకులో అమ్ముకోకుండా రంగు కలిపేవాళ్ళు. ఇక్కడ చమురు నీళ్ళలా తెల్లగా ఉంటది, గొట్టమే నీలం. వాసన మాత్రం అదే, మూత తియ్యగానే నాయనమ్మ పంపు స్టవ్వు, పిన్నుతో బర్నర్ పొడవటం అన్నీ గుర్తొస్తాయి.

ఆ డబ్బా నిండితే 15 కిలోల పైమాటే, కారు లేకపోతే సైకిల్ మీద మంచులో తేవడం జరిగే పని కాదు. మా వీధిలోకి చమురు బండి వస్తది, పిల్లల మంచు పాట పెట్టుకుని నిదానంగా తిరుగుద్ది, కాకపోతే అది వచ్చేది నేను స్కూల్లో ఉన్నప్పుడు. చివరికి పక్కింటి ముసలావిడ నా డబ్బా కూడా తన గుమ్మం దగ్గర పెట్టించుకుని నింపించి పెడుతుంది, డబ్బులు కవర్లో పెట్టి ఇస్తా.

డబ్బాలోంచి హీటర్ ట్యాంకులోకి పొయ్యడానికి బ్యాటరీ పంపు ఉంటది, నిండగానే తనంతట తనే ఆగిపోతది. ఆగిపోవాలి. మొదటి జనవరిలో ఒక రోజు దాని సెన్సార్ ట్యాంకు మూతిలో సరిగ్గా కూర్చోబెట్టకుండా స్విచ్ వేసి, ఈలోపు ఫోన్ చూస్తున్నా, తలెత్తేసరికి గుమ్మం దగ్గర చెప్పులన్నీ చమురులో తేలుతున్నాయి. పాత పేపర్లు పరిచా, సోపు నీళ్ళతో నాలుగుసార్లు కడిగా, వాసన పది రోజులున్నా పోలా. మర్నాడు మూడో తరగతిలో "హౌస్ ద వెదర్?" అని అడగబోతుంటే ముందు బెంచీ పిల్లాడు ముక్కు మూసుకుని "సెన్సే, తోయు కుసాయ్!" అన్నాడు, అంటే టీచర్ చమురు కంపు కొడుతోందని. క్లాసంతా ఒకటే నవ్వు. బయట మంచు పడుతుంటే నిక్కర్లేసుకుని తిరిగే ఆ పిల్లలకి హీటర్ అవసరమే లేదనుకోండి.

రెండో గొడవ, నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆరిపోయి ఎర్రర్ నంబరు చూపించడం. షాపుకి తీసుకెళ్తే సెకండ్ హ్యాండ్‌కి గ్యారంటీ లేదన్నారు, సరే నా ఖర్మ అనుకున్నా. తీరా మాన్యువల్ ఫోనుతో ట్రాన్స్‌లేట్ చేసుకుని చదివితే, సిలికాన్ ఉన్న హెయిర్ స్ప్రేలు, సీరమ్‌లు హీటర్ ఉన్న గదిలో వాడొద్దని ఉంది, అది గాలితో లోపలికి పోయి మంటని కనిపెట్టే కడ్డీకి పొరలా అంటుకుంటదట, దాంతో మంట ఉన్నా లేదనుకుని ఆర్పేస్తదట. నేను రోజూ దాని ముందే కూర్చుని జుట్టు ఆరబెట్టుకుని సీరమ్ కొట్టుకుంటున్నా మరి! సర్వీసులో శుభ్రం చేయించి, సీరమ్ బాత్రూంలోకి మార్చా, మళ్ళీ ఆగలా. కొబ్బరి నూనె రాసుకుంటే ఈ గొడవే ఉండదని అమ్మ ఉవాచ.

భద్రత మాటకొస్తే, 3 గంటలకి తనే ఆరిపోతది, ఆరేముందు కుయ్ కుయ్ మని గోల చేస్తది, ఇంకా కావాలంటే బటన్ నొక్కాలి. భూకంపం వచ్చినా ఆరిపోతది, నేను కాలితో తన్నినా అదే భూకంపం అనుకుంటది. కానీ పొగంతా గదిలోనే కదా, గంటకోసారన్నా కిటికీ తెరవాలి, అది మాత్రం బద్ధకించొద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. దీన్ని వేసుకుని నిద్రపోవడం అసలే వద్దు. కరెంటు పోతే ఇది పనిచెయ్యదు, అందుకే పక్కింటావిడ పాత రకం స్టవ్వు, పైన కెటిల్ పెట్టుకునేది, అది కూడా ఉంచుకుంది, అదైతే డ్రైసెల్‌తోనో అగ్గిపుల్లతోనో వెలిగించుకోవచ్చు. ఇంకోటి, చాలా అపార్ట్‌మెంట్లలో చమురు హీటర్లు అద్దె అగ్రిమెంటులోనే నిషేధం, కొనకముందే ఇల్లు అద్దెకిచ్చిన వాళ్ళని అడగండి.

కాబట్టి నా రేటింగ్ 5కి 4. తోక్యోలో ఉండేవాళ్ళకి అక్కర్లేదు, ఏసీ, కొతాత్సు (కింద హీటర్, చుట్టూ దుప్పటి ఉండే పొట్టి బల్ల) చాలు. మంచు ఊరికి పోస్టింగ్ వచ్చినోళ్ళు మాత్రం మొదటి జీతంతోనే కొనేసుకోండి, సెకండ్ హ్యాండ్‌లో వద్దు, కొత్తదే తీసుకోండి.

చలికాలం అయ్యాక మిగిలిన చమురు వచ్చే ఏడాదికి దాచొద్దు, పాతబడితే పసుపెక్కి లోపల పాడుచేస్తది. పోయిన మార్చిలో అర డబ్బా మిగిలితే పక్కింటావిడకిచ్చా, ఆవిడ స్టవ్వులో వారంలో అవగొట్టేసి, మర్నాడు మా గుమ్మం ముందు నా కాలంత ముల్లంగి పెట్టి వెళ్ళింది. దానితో సాంబారు పెట్టి అమ్మకి ఫోన్లో చూపిస్తుంటే అమ్మ కళ్ళు సాంబారు మీద లేవు, వెనక అలమారలో ఉన్న పంపు మీద ఉన్నాయి. వచ్చేటప్పుడు అలాంటిది కొత్తదొకటి తీసుకురావాలంట, 15 కిలోల నూనె డబ్బాలోంచి నూనె తోడుకోడానికి.