ద్వారకానగర్ డీటీపీ సెంటరు: టైపింగు తగ్గింది, దిద్దుబాటు పెరిగింది

విశాఖపట్నం ద్వారకానగర్‌లోని ఈ డీటీపీ సెంటరులో ఒకప్పుడు 'అను' అనే తెలుగు ఫాంట్లలో చకచకా టైపు చేసే ఆపరేటర్లు వరుసగా కూర్చునేవారు. ఇప్పుడు పుటను స్కాన్ చేస్తే కృత్రిమ మేధతో నడిచే సాఫ్ట్‌వేరే అక్షరాలను గుర్తించి యూనికోడ్‌లో అందిస్తోంది కనుక, ఆపరేటరుకు మిగిలింది దాన్ని మూలంతో సరిచూడడమే.

మా తాతగారు అచ్చు వేయించిన శతకాన్ని పునర్ముద్రణ కోసం ఇక్కడ ఇచ్చాను. స్పష్టమైన పుటలు దాదాపు తప్పుల్లేకుండా వచ్చాయి. సిరా పలచబడిన చోట మాత్రం 'ఘ' కాస్తా 'ఝ' అయింది, అరసున్నలు ఎగిరిపోయాయి. అంతకన్నా ప్రమాదకరమైనది, సాఫ్ట్‌వేరు తనకు తెలియని పాత మాటను తీసేసి వాడుక మాటను పెట్టడం. చదువుతూ పోతే అది తప్పనే అనిపించదు. ఆటవెలదిలో పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే ధ్వని పొందిక, చెల్లాలి కదా, ఒక పాదంలో అది కుదరకపోవడంతో అక్కడి సీనియర్ ఆపరేటరు పెన్సిలు ఆపి, "అసలు పుస్తకం ఒకసారి ఇవ్వండి సార్" అని అడిగారు. నేను చెల్లించిన డబ్బుకు న్యాయం జరిగింది ఆ ఒక్క ప్రశ్నతోనే.

పని సగం యంత్రమే చేస్తున్నా పేజీ ధర తగ్గించకపోవడం నాకు నచ్చలేదు. చేతిరాత ప్రతులకు ఈ పద్ధతిని ఇంకా పూర్తిగా నమ్ముకోలేం. దస్తావేజులు ఇచ్చేవారు స్కాన్ కాపీలు ఇంటర్నెట్‌లోకి వెళ్తాయో లేదో ముందే అడగాలి; పద్యాలు ఇచ్చేవారు ఆ సీనియర్ ఆపరేటరు ఉన్న వేళ చూసుకుని వెళ్లాలి.