ముందు జాలీ భేష్, అడుగు జాలీతోనే తంటా: రెండున్నరేళ్లు వాడాక

గేమింగ్ పీసీకి కేబినెట్ ఎంచుకునేటప్పుడు అందరి చూపూ ముందువైపే ఉంటుంది. అద్దమా, జాలీయా, ఫ్యాన్లు ఎన్ని వస్తాయి అన్నదే లెక్క. ఆ లెక్కన ఈ కేబినెట్‌ చాలా మంచిది. ముందంతా జాలీ, మూడు 120 ఎంఎం ఫ్యాన్లు, పొడవాటి గ్రాఫిక్స్ కార్డు పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. నా కోపమంతా అడుగున, ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే పవర్ సప్లై డబ్బా) కింద ఉండే జాలీ మీద. అది వెనక్కి లాగితేనే వస్తుంది. అంటే బల్ల కింద నుంచి కేబినెట్‌ను బయటికి జరిపి, వెనక వైర్లు పీకి, అప్పుడు తీయాలి. నెలకోసారి దుమ్ము దులపాల్సిన పని అలా ఏడాదికోసారి కూడా జరగదు. ఇదే తీరు చాలా కంపెనీల కేబినెట్లలో ఉంది కాబట్టి పేరుతో పనిలేదు.

దాని ఫలితం మే నెలలో తెలిసింది. చెన్నైలో ఓఎంఆర్ రోడ్డు పక్కన ఇల్లు, బయట మెట్రో పనుల దుమ్ము. గేమ్ మొదలైన నలభై నిమిషాలకు పీసీ ఠక్కున ఆరిపోయేది. బ్లూ స్క్రీన్ రాదు, రీస్టార్ట్ అవదు. వెంటనే పవర్ బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. పావుగంట ఆగి నొక్కితే మామూలుగా ఆన్ అవుతుంది. విండోస్ లాగ్ చూపే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అని ఉంటుంది. పీసీ సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిందని దానర్థం, ఎందుకాగిందో అది చెప్పదు. ప్రాసెసర్ 72, గ్రాఫిక్స్ కార్డు 70 డిగ్రీలు, రెండూ మామూలే.

ఇక్కడే చాలామంది వాట్లు చాలడం లేదనుకుని 850 వాట్ల ఎస్‌ఎంపీఎస్ కొనేస్తారు. రైజెన్ 5 7600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4070 గ్రాఫిక్స్ కార్డు ఉన్న పీసీ గేమ్ ఆడేటప్పుడు 350 వాట్ల లోపే లాగుతుంది. 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌కు అది సగం పనే. అసలు గుట్టు ఆ పావుగంటలో ఉంది. చల్లారితే గానీ ఆన్ కావడం లేదంటే ఎస్‌ఎంపీఎస్ తన వేడికి తానే ఆపేసుకుంటోందని అనుమానించాలి. మామూలు ఎస్‌ఎంపీఎస్‌లు తమ వేడి ఎంతో మదర్‌బోర్డుకు చెప్పవు, అందుకే ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ అది కనబడదు.

అడుగు జాలీ తీసి చూస్తే, ఫ్యాన్ ఎంత ఉందో అంత మేరా గుండ్రంగా బూడిదరంగు దుప్పటి ముక్కలా అట్ట కట్టింది. వెలుతురుకు పట్టినా అవతల ఏమీ కనబడలేదు. ఫ్యాన్ లాగని మూలల్లో మాత్రం జాలీ కొత్తదానిలాగే ఉంది.

ఈ ఊరి తేమకు దుమ్ము బంకలా పట్టేస్తుంది, బ్రష్‌కు రాదు. దుమ్ము పట్టిన వైపు కిందికి ఉంచి పై నుంచి కుళాయి ధార పోనివ్వాలి. నీడలో పూర్తిగా ఆరాకే పెట్టాలి. కడిగి పెట్టాక మూడు గంటలు ఆడినా పీసీ ఆగలేదు. ముందు జాలీ సంగతీ అంతే. మొదటి ఏడాది బ్రష్‌తో సరిపోయింది, ఇప్పుడు దాన్నీ కడగాల్సిందే.

శాశ్వత మార్గం ఎస్‌ఎంపీఎస్‌ను తిరగేయడం. కేబినెట్‌లో దాని మీద కప్పి ఉండే రేకుకు చిల్లులుంటేనే ఇది కుదురుతుంది. ప్లగ్ పీకి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టి, వెనక నాలుగు స్క్రూలు విప్పి, ఫ్యాన్ పైకి ఉండేలా మళ్లీ బిగించాలి. ముందు జాలీ వడగట్టిన గాలే అప్పుడు దానికి అందుతుంది. కాస్త వెచ్చటి గాలే, కానీ దారి మూసుకుపోదు. ఒకటే జాగ్రత్త: పైనుంచి జారిన స్క్రూ నేరుగా అందులో పడొచ్చు. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎప్పుడూ విప్పొద్దు, ప్లగ్ పీకినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

రిచీ స్ట్రీట్‌లో కొంటుంటే షాపులోనే కేబినెట్‌ను పడుకోబెట్టించి, అడుగు జాలీ ముందుకు వస్తుందా, వెనక్కా అని మీ చేత్తో లాగి చూడండి. కాళ్ల ఎత్తూ చూడండి. దీనికి వేలెడు ఎత్తు కూడా లేదు, కింద గాలి ఆడదు.

ఏసీ గదిలో, బల్ల మీద, నాలుగు వైపులా చెయ్యి పట్టేలా పెట్టుకునేవాళ్లకు ఈ ధరలో ఇది నిక్షేపంలాంటిదే. రోడ్డు పక్క ఇల్లు, నేల మీద కేబినెట్, వెనక గోడ అయితే నేను వద్దనే చెప్తాను. ఇక్కడ మాత్రం ఇంకా ఇదే నడుస్తోంది, ఎస్‌ఎంపీఎస్ తిరగేసి.