వెండి ఉంగరం క్లాసు: ఏడాదిన్నర తర్వాత

విజయవాడలో నాలుగు ఆదివారాల వెండి నగల క్లాసుకు వెళ్ళొచ్చిన కొత్తలో, అడిగిన వాళ్ళందరికీ కళ్ళు మూసుకుని చేరిపొమ్మని చెప్పాను. మా ఆడపడుచుని దగ్గరుండి చేర్పించాను కూడా. ఇప్పుడు ఆ మాట కొంచెం సవరించుకోవాలి.

మొదటి రోజే నేను చేసిన ఉంగరం వేలికి పెట్టుకుని ఇంటికొచ్చాను. బందరు వెళితే ఆ ఫీజుకి సంచీ నిండా రోల్డ్ గోల్డ్ వచ్చేదని మావారు అన్నా పట్టించుకోలేదు. పదిమందిమి కూర్చుంటే పది ఉంగరాలకీ మొదటిసారికే అతుకు పడింది. నాకు అనుమానం అప్పుడే రావాల్సింది.

తర్వాత వన్‌టౌన్‌లో చిన్న గ్యాస్ టార్చి, అతకడానికి టంకం, అది బాగా పారడానికి వెలిగారం కొనుక్కుని మా డాబా మీద మొదలుపెట్టాను. అసలే మే నెల, పైగా ఫ్యాను వేస్తే మంట ఊగుతుంది. ఎండలో లోహం ఎర్రబడ్డదీ లేనిదీ తెలియదు కాబట్టి చీకటి పడేదాకా ఆగాలి. సన్నని వెండి రేకు పట్టీ కోసి, గుండ్రంగా వంచి, వెలిగారం రాసి, టంకం ముక్క పెట్టి కాల్చాను. వెలిగారం పొంగి, తర్వాత గాజులా తేటపడింది. అంతవరకూ క్లాసులో చూసినట్టే జరిగింది. ఆ తర్వాత టంకం పూసలా ముడుచుకుని ఒక పక్కకి జారిపోయింది. రెండోసారీ, మూడోసారీ అంతే. నాలుగోసారి పట్టుదలకి పోయి మంట పెంచాను. స్వచ్ఛమైన వెండి 961 డిగ్రీల దగ్గర కరుగుతుంది, రాగి కలిసిన 92.5 వెండి అంతకంటే ముందే. ఈ సంగతి క్లాసులో రాసుకున్నాను కూడా. నేను చూస్తుండగానే సగం ఉంగరం ముద్దయిపోయింది.

తప్పు టంకానిదే అనుకుని, మిగిలిన ఉంగరం ఒకటి పట్టుకుని మా సత్యనారాయణపురంలో కాళ్ళ పట్టీలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన టంకం వంక చూడనేలేదు. ఉంగరాన్ని ట్యూబులైటుకి ఎదురుగా ఎత్తి పట్టారు.

"వెలుతురు కనబడుతోంది చూడు తల్లీ. టంకం సందులు పూడ్చదు. అంచు అంచుని తాకితేనే పారుతుంది."

రెండు అంచులూ దగ్గరికి నొక్కి, ఆ సందులోంచే సన్న రంపం ఒకసారి పోనిచ్చారు. మళ్ళీ నొక్కి, మళ్ళీ కోశారు. ఒకే రంపం రెండంచులనీ ఒకే తీరున తీస్తుంది కదా, ఈసారి ఎత్తి చూస్తే వెలుతురు లేదు. మంట కూడా అతుకు మీద కాకుండా ఉంగరమంతా తిప్పుతూ పట్టారు. టంకం నీళ్ళలా పారింది. క్లాసుకి ఎంత కట్టావని అడిగితే చెప్పాను. ఏమీ అనలేదు, రంపం తుడిచి డ్రాయరులో పెట్టుకున్నారు.

క్లాసులో మా చేతికిచ్చిన పట్టీలు ముందురోజే కోసి, ఆకురాయి పట్టి సిద్ధం చేసినవట. వంట నేర్పిస్తామని పిలిచి చివర్లో పోపు మాత్రం మాచేత పెట్టించారన్నమాట. క్లాసు వాళ్ళకి ఫోన్ చేసి అడిగితే, "మొదటి రోజే అతకకపోతే రెండో వారం ఎవరూ రారండీ" అన్నారు. అదీ నిజమే కావచ్చు. నేనైతే వచ్చేదాన్ని కాదేమో.

అన్నీ వాళ్ళ మీద రుద్దను. కాల్చిన ఉంగరం నలుపు వదిలించే నిమ్మ ఉప్పు నీళ్ళలో ఇనుప పటకారు ముంచొద్దని చెప్పారు, మరిచిపోయి ముంచితే వెండి మీద రాగి పట్టి ఉంగరం గులాబీ రంగుకి తిరిగింది. పాలిష్ బాగా నేర్పారు. రాళ్ళు పొదగడం మాత్రం చూడటంతోనే సరిపోయింది.

ఇప్పుడు పది ఉంగరాలు చేస్తే ఎనిమిది అతుకుతున్నాయి. వెండి ధర చూసి, కొత్త డిజైన్ ఏదైనా ముందు రాగి తీగ మీదే చేస్తున్నాను. కానీ నాకు డాబా ఉంది, సాయంత్రాలు ఖాళీ, రెండు వీధుల అవతల ఆ పెద్దాయన ఉన్నారు. ఈ మూడూ లేకపోతే ఏం చెప్పాలో తెలియదు. చేరేటట్టయితే మొదటి రోజే పట్టీ మమ్మల్నే కోసుకోనివ్వమని అడగండి. ఒక ఉంగరం పాడైతే అవనివ్వండి.

మా ఆడపడుచుది పటమటలో నాలుగో అంతస్తు ఫ్లాటు. ఇంట్లో మంట పెట్టడానికి భయపడి టార్చి డబ్బా ఇంకా విప్పలేదు. సగం ధరకి నాకిస్తుందేమో అడగాలి.