పల్లి నూనె, పల్లి గింజ, నెయ్యి: పేగుల్లోని బ్యాక్టీరియాకు ఏది మేలు?

యాసంగి పల్లి చేతికొచ్చాక వనపర్తి, అచ్చంపేట, గద్వాల వైపు ఇళ్లలో ఈ చర్చ మామూలే. గానుగ పట్టించిన పల్లి నూనెను మించింది లేదని పెద్దోళ్లంటారు. ఫోన్‌లో వీడియోలు చూసే పిల్లలేమో నెయ్యి తింటే పేగుల్లోని మంచి బ్యాక్టీరియా పెరుగుతుందంటారు. ఇద్దరూ ఒక సంగతి పట్టించుకోరు: మనం పోసుకునే నూనె గానీ, వేసుకునే నెయ్యి గానీ ఆ బ్యాక్టీరియా దాకా చేరేది చాలా తక్కువ.

పైత్యరసం కొవ్వును సన్నటి బిందువులుగా విడగొడుతుంది. క్లోమం నుంచి వచ్చే ఎంజైమ్ దాన్ని ముక్కలు చేస్తుంది. చిన్నపేగు పీల్చేసుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో దాదాపు 95 శాతం అక్కడే అయిపోతుంది. బ్యాక్టీరియా గుంపులుగా ఉండేది పెద్దపేగులో కాబట్టి, వాటికి దక్కేది కొసరే.

నెయ్యి సంగతి ముందు చూద్దాం, దాని మీదే ప్రచారం ఎక్కువ. నెయ్యిలో బ్యుటిరిక్ ఆమ్లం ఉంటుంది, పెద్దపేగు గోడలోని కణాలకు అది మంచి ఇంధనం. ఈ రెండు మాటలూ నిజమే. కానీ నెయ్యిలో అది నూటికి మూడు నాలుగు పాళ్లే, ఆ కాస్తా చిన్నపేగులోనే ఇంకిపోతుంది. పెద్దపేగుకు కావాల్సిన బ్యుటిరేట్‌ను (ఆ ఆమ్లానికే ఇంకో రూపం) బ్యాక్టీరియా అక్కడికక్కడే పీచు పులియబెట్టి తయారు చేస్తాయి. నెయ్యి రాసిన జొన్నరొట్టెలో పెద్దపేగుకు పనికొచ్చేది రొట్టె. నెయ్యి నాలుక కోసం!

కొవ్వు నేరుగా చేరకపోయినా, పైత్యరసం ద్వారా బ్యాక్టీరియా మీద ప్రభావం చూపుతుంది. కొవ్వు ఎక్కువైతే పైత్యరసమూ ఎక్కువ ఊరుతుంది. అందులో కొంత పెద్దపేగులోకి జారితే బ్యాక్టీరియా దాన్ని వేరే ఆమ్లాలుగా మారుస్తాయి. 2012లో ఎలుకల మీద చేసిన ఒక అధ్యయనంలో పాల కొవ్వుకూ, మన తాండూరు వైపు పండే కుసుమ నుంచి తీసే నూనెకూ పోటీ పెట్టారు. పాల కొవ్వు తిన్నవాటిలో పైత్యరసం తీరు మారి, బైలోఫిలా అనే బ్యాక్టీరియా పెరిగింది. పేగువాపు వచ్చే తత్వమున్న ఎలుకల్లో జబ్బు ముదిరింది. కుసుమ నూనె తిన్నవాటిలో అలా కాలేదు. అయితే వాటి మేతలో మూడో వంతుకు పైగా కేలరీలు కొవ్వువే. అన్నంలో చెంచాడు నెయ్యి వేసుకునేవాళ్లు దీన్ని చూసి టెన్షన్ పడక్కర్లేదు.

నాకు వీటన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది పల్లీని పల్లీతోనే పోల్చడం. 1980లో అమెరికాలో వచ్చిన అధ్యయనంలో ఒకే పల్లీ కొవ్వును మూడు రూపాల్లో తినిపించి, ఎంత కొవ్వు అరగకుండా బయటికి పోతుందో కొలిచారు. నూనెగా తింటే నాలుగైదు శాతం, మెత్తటి ముద్దగా తింటే 7 శాతం, గింజలుగా నమిలితే దాదాపు 18 శాతం. గింజలోని కణాల గోడలు కొవ్వును పట్టి ఉంచుతాయి, మన పళ్లు వాటన్నిటినీ పగలగొట్టలేవు. అంటే గింజ తిన్నప్పుడు కొంత కొవ్వు పీచుతో కలిసి పెద్దపేగు దాకా వెళ్తుంది. నూనె గానుగలో పీచంతా చెక్కలో మిగిలి పశువుల పాలవుతుంది.

అందుకే బ్యాక్టీరియా వైపు నుంచి చూస్తే నా ఓటు ఉడకబెట్టిన పల్లీలకూ, రొట్టెలో నంజుకునే పల్లికారానికీ. పొడి కొడితే కణాలు కొంత పగులుతాయి గానీ పీచు ఎటూ పోదు. కూరకు పల్లి నూనె సరిపోతుంది, కొలతగా పోస్తే. నెయ్యి రుచికి. పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వే. చవకని అదొక్కటే వాడే ఇల్లు పల్లి నూనెకు మారితే మేలు.

నిల్వ పల్లీలు మాత్రం చూసి కొనాలి. బూజు పట్టినవీ, రంగు మారినవీ ఏరి పారేయాలి. అందులో పుట్టే అఫ్లాటాక్సిన్ కాలేయానికి విషం, వేయించినా పూర్తిగా పోదు.