‘1965 ఒరిజినల్’ స్టిక్కరు చూసి సీడీ కొనకండి: అనంతపురం, కర్నూలు, కడప వాళ్ళకి జాగ్రత్త

మన మూడు జిల్లాల్లో పాత ఇంగ్లీషు పాటల సీడీలు, ఎల్పీలు (పెద్ద గ్రామఫోన్ రికార్డులు) వెతికి కొనేవాళ్ళు తక్కువమందే. ఎక్కడ ఏం దొరుకుతుందో ఒకరికొకరు చెప్పుకొనే కొంటుంటాం. అందుకే ఇది కూడా చెప్తున్నా.

అనంతపురంలో ఒక షాపువాళ్ళు రైచస్ బ్రదర్స్ అనే అమెరికా గాయకుల జంట సీడీ ఒకటి ‘1965 ఒరిజినల్ రికార్డింగ్, ఇంపోర్టెడ్’ అని స్టిక్కరు వేసి అమ్ముతున్నారు. ‘అన్‌చైన్డ్ మెలోడీ’ పాట కోసమే ఎవరైనా కొనేది. లోపల ఉన్నది 1965 నాటి పాట కాదు. ఆ జంటలో అప్పుడు ఆ పాట పాడిన బాబీ హాట్‌ఫీల్డే పాతికేళ్ళ తర్వాత, 1990లో మళ్ళీ పాడిన రికార్డింగ్. నా దగ్గర 1,850 రూపాయలు తీసుకున్నారు. కంప్లైంట్ ఇచ్చాను కాబట్టి షాపు పేరు ఇక్కడ రాయడం లేదు.

అమ్మే తీరు ఎట్లా ఉందో వివరంగా చెప్తా, ఎందుకంటే రేపు ఇంకో ఊళ్ళో ఇంకో పాటతో ఇదే చేస్తారు. సీడీకి ప్లాస్టిక్ సీలు ఉంటుంది. ‘ఒకసారి వినిపించు అన్నా’ అంటే సీలు తీయడం కుదరదంటారు. దానికి బదులు ఫోన్ తీసి, కౌంటర్ మీద ఉన్న స్పీకర్‌కి కలిపి పాట పెడతారు. ఆ పెట్టేది నిజంగానే 1965 రికార్డింగ్. మనకి తెలిసిన గొంతు, తెలిసిన ప్రతిధ్వని. ఇంక అనుమానమేముంది? డబ్బులిచ్చి ఇంటికి తెచ్చుకొని సీలు తీస్తే లోపల వేరే పాట. వాపసు తీసుకెళ్తే ‘సీలు తీసినారు గదా సార్, తీసుకోము’ అంటారు. సీలు తీయకుండా తప్పు తెలీదు, తీస్తే వాపసు లేదు. ఎంత తెలివో చూడండి.

స్టిక్కరు సంగతి ఇంకా బాగుంటుంది. ఇంట్లో దాన్ని మెల్లగా గోరుతో లేపి చూస్తే, దాని కింద కంపెనీవాళ్ళు వేసిన సంవత్సరం ఉంది. 1990 అని నిజాయితీగానే వేశారు వాళ్ళు. షాపువాళ్ళ స్టిక్కరు సరిగ్గా దాని మీదే పడింది. అట్టకి నాలుగు పక్కలా ఖాళీ ఉండగా స్టిక్కరు అక్కడే ఎందుకు పడిందో మీరే ఊహించుకోండి.

అడిగితే వాళ్ళు చెప్పిన జవాబు ఒక్కటే. ‘పాడింది ఆయనే గదా సార్, వేరేవాళ్ళు కాదు గదా. ఇంకేం ఒరిజినల్ కావాల మీకు?’ ఈ మాట దగ్గరే చాలామంది తగ్గిపోతారు. అది అబద్ధం కాదు మరి. పాడింది ఆయనే. కానీ గాయకుడు ఒకటైనంత మాత్రాన రికార్డింగ్ ఒకటి అయిపోదు. ఈ పాట చరిత్ర కొంచెం తెలిస్తే ఆ జవాబు ఎక్కడ పనిచేయదో అర్థమవుతుంది.

దీన్ని రాసింది 1955లో ‘అన్‌చైన్డ్’ అనే జైలు సినిమా కోసం. బాణీ అలెక్స్ నార్త్‌ది, మాటలు హై జారెట్‌వి. సినిమాలో ఖైదీ వేషంలో టాడ్ డంకన్ పాడాడు. ఇంటిని, ఇంట్లో ఎదురుచూసే మనిషిని తలుచుకొనే ఖైదీ పాట అది. మనం పెళ్ళి వీడియోల్లో వేసుకుంటున్నామంటే అది వేరే సంగతి. ఆ ఏడాదే లెస్ బాక్స్టర్ బృందం, అల్ హిబ్లర్, రాయ్ హామిల్టన్ ఎవరికి వాళ్ళు రికార్డు చేస్తే అన్నీ అమెరికాలో హిట్టయ్యాయి. బ్రిటన్ హిట్ పాటల పట్టికలో జిమ్మీ యంగ్ పాడింది మొదటి స్థానానికి వెళ్ళింది. పాట ఆస్కార్‌కి నామినేట్ అయింది కానీ అవార్డు రాలేదు. సినిమాని జనం మర్చిపోయారు, పాట మిగిలింది.

పదేళ్ళ తర్వాత 1965లో రైచస్ బ్రదర్స్ వచ్చారు. పేరు బ్రదర్సే గానీ బాబీ హాట్‌ఫీల్డ్, బిల్ మెడ్లీ అన్నదమ్ములు కారు. ఈ పాటని ఒక్కరే పాడాలనుకున్నారు. ఎవరు పాడాలని నాణెం ఎగరేస్తే హాట్‌ఫీల్డ్‌కి పడింది. అప్పుడతనికి ఇంకా పాతికేళ్ళు నిండలేదు. చివరి చరణంలో బాణీని తనకు తోచినట్టు పైకి లేపి పాడాడు. ఇవాళ ఈ పాట ఎవరు పాడినా ఎక్కువగా అనుకరించేది ఆ ఎత్తునే, 1955 నాటి బాణీని కాదు. ప్రొడ్యూసర్ ఫిల్ స్పెక్టర్ కంపెనీ ఫిలెస్ దీన్ని రికార్డుకి రెండో వైపు వేసింది. మొదటి వైపు ‘హంగ్ ఆన్ యూ’ అనే పాట. రేడియోవాళ్ళు రికార్డు తిప్పి రెండో వైపే వేయడం మొదలుపెట్టారు. అమెరికాలో నాలుగో స్థానం దాకా పోయింది. దీన్ని ప్రొడ్యూస్ చేసింది స్పెక్టర్ కాదు, నేనే అని మెడ్లీ ఆ తర్వాత చాలాసార్లు చెప్పాడు. ఆ తగువు మనకొద్దు.

మన గొడవ మొదలయ్యేది 1990లో. ‘ఘోస్ట్’ సినిమా వచ్చింది. కుమ్మరి చక్రం సీను చూడనివాళ్ళు తక్కువ. ఆ సీనులో వినపడేది 1965 రికార్డింగే. సినిమా చూసినవాళ్ళంతా పాట కోసం షాపుల మీద పడ్డారు. కానీ పాత రికార్డింగ్ హక్కులు గాయకుల చేతిలో లేవు, దాన్ని వెంటనే మళ్ళీ తేవడానికి లైసెన్సు చిక్కులు. దాంతో హాట్‌ఫీల్డ్ యాభై ఏళ్ళ వయసులో స్టూడియోకి వెళ్ళి అదే పాట కర్బ్ అనే కంపెనీకి మళ్ళీ పాడాడు. ఈలోగా పాతది కూడా మళ్ళీ విడుదలైంది, కానీ షాపుల్లో తక్కువగా దొరికేది. చివరికి అమెరికాలో రేడియో ఎక్కువగా వేసింది పాతదాన్ని, జనం క్యాసెట్ రూపంలో ఎక్కువగా కొన్నది కొత్తదాన్ని. అక్కడి హిట్ పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో పాతది 13వ స్థానానికి, కొత్తది 19వ స్థానానికి చేరాయి. ఒకే పాట, అదే గాయకులు, రెండు రికార్డింగులూ ఒకే సమయంలో మొదటి ఇరవైలో ఉండటం అదే మొదటిసారి. అంటే రేడియోలో ఒకటి విని ఇంకోటి కొనుక్కోవడం అప్పుడే జరిగింది. ఈ షాపువాళ్ళు ఆ తికమకనే ఇప్పుడు స్టిక్కరు వేసి అమ్ముకుంటున్నారు.

బ్రిటన్‌లో మాత్రం 1990లో పాత రికార్డింగే మొదటి స్థానానికి వెళ్ళింది. 1995లో రాబ్సన్, జెరోమ్ అనే ఇద్దరు టీవీ నటులు పాడింది, 2002లో గారెత్ గేట్స్ పాడింది కూడా అక్కడ మొదటి స్థానానికే వెళ్ళాయి. ఈ రెండూ నాకు పెద్దగా నచ్చవు గానీ, కనీసం వాటిని ఎవరూ 1965 అని చెప్పి అమ్మరు.

1990 రికార్డింగ్ చెత్త అని నేను అనడం లేదు. యాభై ఏళ్ళ మనిషి ఆ పై స్వరం అందుకున్నాడంటే దండం పెట్టాలి. దానికి దాని ధర పెట్టి, దాని సంవత్సరం చెప్పి అమ్మితే నేనే కొనేవాణ్ణేమో. మళ్ళీ పాడుకోవడం తప్పేమీ కాదు. ఎవర్లీ బ్రదర్స్ 1964లోనే కంపెనీ మారాక తమ పాత హిట్లు కొత్త కంపెనీకి మళ్ళీ పాడారు. మన పిల్లలు వినే టేలర్ స్విఫ్ట్ 2021 నుంచి తన పాత ఆల్బమ్‌లు మళ్ళీ పాడింది. ఆమె ఆల్బమ్ పేరులోనే ‘టేలర్స్ వెర్షన్’ అని పెట్టేసింది, ఏది పాతదో ఏది కొత్తదో ఎవరికీ టెన్షన్ లేదు. ఇక్కడ సంవత్సరాన్ని దాచడమే మోసం.

కొనేముందు చూడాల్సింది అట్ట వెనక సన్న అక్షరాలు. అక్కడ రెండు గుర్తులుంటాయి. సున్నా చుట్టిన ‘సి’ అక్షరం పక్కన ఉన్న సంవత్సరం అట్ట బొమ్మకి, రాతకి సంబంధించింది. సున్నా చుట్టిన ‘పి’ అక్షరం పక్కన ఉన్నదే రికార్డింగ్ హక్కుకి సంబంధించిన సంవత్సరం. పాత రికార్డింగ్‌ని ఇప్పుడు మళ్ళీ వేసినా, పద్ధతిగా వేసే కంపెనీ పాత సంవత్సరం కూడా రాస్తుంది. ‘రీ-రికార్డెడ్’, ‘న్యూ రికార్డింగ్స్ బై ది ఒరిజినల్ ఆర్టిస్ట్’ లాంటి మాటలు ఎక్కడో మూలలో ఉంటాయి, ఫోన్ కెమెరాతో పెద్దది చేసి చదవండి. ‘ఒరిజినల్ ఆర్టిస్ట్’ అన్న మాట చూసి ‘ఒరిజినల్ రికార్డింగ్’ అనుకోవద్దు. స్టిక్కరు ఉంటే ముందు దాని కింద ఏముందో చూపించమనండి. చూపించకపోతే వచ్చేయండి. అట్ట మీద కుర్రవాళ్ళుగా ఉన్నప్పటి ఫొటో ఉంది గదా అని కూడా నమ్మొద్దు, ఫొటో ఎప్పటిదైనా వేసుకోవచ్చు.

ఈ పాట వరకు లేబుల్ (రికార్డు కంపెనీ) పేరు చూస్తే చాలు. కర్బ్ అని, 1990 అని ఉంటే అది కొత్త రికార్డింగే. వినే అవకాశం ఉంటే చెవికి కూడా తెలుస్తుంది. పాతదాంట్లో గొంతు, వాద్యాలు అన్నీ ఒక పెద్ద హాల్లో కలిసిపోయినట్టు ఉంటాయి. కొత్తదాంట్లో ప్రతిదీ విడివిడిగా, శుభ్రంగా వినపడుతుంది, గొంతులో వయసు తెలుస్తుంది. షాపువాళ్ళ ఫోన్లో విన్నది లెక్కలోకి తీసుకోకండి. మీరు కొనే ఆ డిస్కే ప్లేయర్‌లో పెట్టి వినిపించాలి.

మన తెలుగు పాటల్లో ఇది ఇంకో రకంగా ఉండేది. క్యాసెట్ల కాలం గుర్తున్నవాళ్ళకి తెలుసు, అట్ట మీద ఘంటసాల గారి బొమ్మ, లోపల ఇంకెవరిదో గొంతు. అట్లాంటి కవర్ వెర్షన్ల (ఒకరి పాటని ఇంకొకరు పాడి వేసే రికార్డింగుల) కోసం చట్టంలో నియమం ఉంది. 2012లో కాపీరైట్ చట్టానికి చేర్చిన 31సి సెక్షన్ ప్రకారం, అట్ట మీద పాత గాయకుడి పేరు గానీ బొమ్మ గానీ వేయకూడదు, అది కవర్ వెర్షన్ అని రాయాలి. కానీ అసలు గాయకుడే మళ్ళీ పాడినప్పుడు ఆ పేరు వేయొద్దని ఎవరంటారు? అందుకే ఇక్కడ పట్టుకోవాల్సింది వినియోగదారుల చట్టాన్ని. 2019 చట్టంలో సరుకు గురించి తప్పుడు మాట చెప్పి అమ్మడం అన్యాయ వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా వస్తుంది. లోపమున్న సరుకు వాపసు తీసుకోకపోవడం కూడా వస్తుంది, బిల్లులో గడువు రాయకపోతే 30 రోజులు లెక్క. ‘సీలు తీస్తే వాపసు లేదు’ అని గోడకి బోర్డు పెట్టినంత మాత్రాన మీరు నోరు మూసుకోవాల్సిన పని లేదు.

నేను ముందు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. షాపువాళ్ళకి రాతపూర్వకంగా కూడా ఇచ్చాను. అది ఇచ్చాకే వాళ్ళ గొంతు మారింది. ‘సగం ఇస్తాం’ అన్నారు, తర్వాత ‘అదే రేటుకి ఇంకో సీడీ తీసుకోండి’ అన్నారు. రెండూ వద్దన్నాను. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. ఐదు లక్షల లోపు కొనుగోలుకి అక్కడ ఫీజు లేదు, రెండేళ్ళ లోపు వేయొచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు. 1,850 రూపాయలకి ఇంత అవసరమా అని మా ఇంట్లో కూడా అడిగారు. అవసరమే.

ఇదే సీడీ ఇప్పటికే కొన్నవాళ్ళుంటే స్టిక్కరు పూర్తిగా పీకేయకండి. సగం లేపి, కింద సంవత్సరం కనపడేట్టు ఫొటో తీయండి, తర్వాత మళ్ళీ అతికించి అట్టా, బిల్లూ దాచండి. బిల్లు మీద ‘ఇంగ్లీష్ సీడీ’ అని మాత్రమే రాసి ఉంటే, షాపువాళ్ళు మీకు పంపిన వాట్సాప్ మెసేజ్‌లో ‘1965 ఒరిజినల్’ అన్న మాట ఉందేమో వెతకండి, నాకు ఎక్కువగా పనికొచ్చింది అదే. కొనబోయేవాళ్ళకి: మొన్న అటు పోయినప్పుడు చూశాను, అదే స్టిక్కరుతో ఇంకొన్ని కాపీలు కౌంటర్ వెనక అద్దాల బీరువాలో ఉన్నాయి. రేటు 1,600కి తగ్గించారు.